16 ఏళ్ల సర్వీసు ఉన్నా, 3 ఏళ్ల క్రితం చేరిన వ్యక్తి కంటే జీతం తక్కువగా ఉంటే అది అన్యాయమేనా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుంటాను. మీరు నెల్లూరు సమీపంలోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో గ్రేడింగ్ విభాగం సూపర్‌వైజరుగా 16 ఏళ్లుగా పనిచేస్తున్నారు. 6,000 రూపాయల జీతంతో చేరారు, ఏటా 1,000 చొప్పున పెరిగి ఇప్పుడు 22,000 అయింది. 3 ఏళ్ల క్రితం చేరి, అదే పని మరో షిఫ్టులో చేస్తున్న వ్యక్తికి 26,000 ఇస్తున్నారని ఈ మధ్యే తెలిసింది. అడిగితే, “నీకు ఏటా ఇంక్రిమెంటు ఇస్తూనే ఉన్నాం, పైగా నువ్వు మా ఇంటి మనిషివి” అన్నారు. ఇది న్యాయమా, చట్టం మీ పక్షాన ఉందా, ఎలా అడగాలి అన్నవి మీ సందేహాలు.

సూటిగా సమాధానం చెబుతాను. అవును, మీకు జరుగుతున్నది అన్యాయమే. కాని మీరు అనుకుంటున్న చోట కాదు. ఆ కొత్త వ్యక్తికి ఎక్కువ ఇవ్వడంలో తప్పు లేదు. మీరు చేసే పనికి ఇవాళ మార్కెట్లో ఉన్న రేటు మీకు వర్తింపజేయకపోవడమే తప్పు. ప్రైవేటు సంస్థలో సర్వీసు ఎక్కువ కాబట్టి జీతమూ ఎక్కువే ఉండాలని నిర్బంధించే చట్టం లేదు. అందువల్ల “నేను సీనియర్‌ని, నాకే ఎక్కువ రావాలి” అని అడిగితే మీ వాదన నిలబడదు. “నా పనికి ఇవాళ్టి రేటు ఇవ్వండి, దానిపైన నా సర్వీసుకు విడిగా లెక్క కట్టండి” అని అడిగితే నిలబడుతుంది. ఈ రెండింటి మధ్య తేడా ఎందుకంత ముఖ్యమో వివరిస్తాను.

నేను చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లోనూ, ఒంగోలు, కందుకూరు ప్రాంతాల పొగాకు కంపెనీల్లోనూ, ఆ తరువాత నెల్లూరు తీరంలోని రొయ్యల ప్లాంట్లలోనూ జీతాల లెక్కలు, సిబ్బంది వ్యవహారాలు చూస్తూ వచ్చాను. మీలాంటి ఫిర్యాదు ఈ మూడు చోట్లా విన్నాను. దాదాపు ప్రతిసారీ మూలకారణం ఒక్కటే.

ముందు మీ ఇంక్రిమెంటునే తీసుకోండి. మీరు చేరిన మొదటి ఏడాది 6,000 మీద 1,000 పెరిగింది, అంటే జీతంలో ఆరో వంతు. నిరుడు 21,000 మీద అదే 1,000 పెరిగింది, అంటే 5 శాతం కూడా లేదు. రూపాయల్లో ఏటా సమానంగా కనిపించే పెంపు నిష్పత్తిలో ఏటా చిక్కిపోతూ వచ్చింది. కొత్తగా చేరేవారి జీతం మాత్రం ఈ పాత లెక్కతో నిర్ణయం కాదు. పక్క ప్లాంటు ఎంత ఇస్తోంది, హ్యాచరీలు ఎంత ఇస్తున్నాయి, శ్రీసిటీ, కృష్ణపట్నం వైపు పోయే కుర్రవాళ్లకు ఎంత దొరుకుతోంది అన్నదాన్ని బట్టి చేరిన రోజు ధరకు నిర్ణయమవుతుంది. కింది స్థాయిలోనైతే ప్రభుత్వం కనీస వేతనంలో కరువు భత్యాన్ని సవరించినప్పుడల్లా కొత్తవాళ్ల మొదటి జీతం తనంతట తాను పైకి జరుగుతుంది, పాతవాళ్లది అక్కడే ఉంటుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనవసరం లేదు. ఎవరూ పట్టించుకోకపోతే చాలు, పాతవాళ్లు వెనకబడిపోతారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత మనుషుల మనసు గురించి పుట్టిందే అయినా, జీతాల రిజిస్టరులో మనసుతో పనిలేకుండానే అదే జరుగుతుంది.

మీ యాజమాన్యం “ఇంక్రిమెంటు” అంటున్న ఒక్క మాటలో నిజానికి నాలుగు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఇది అర్థం కావాలంటే మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాలను చూడండి. మీ బంధువుల్లో ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే వారిని అడిగినా చెబుతారు. ధరలు పెరిగినందుకు డీఏ వేరు. ఒక ఏడాది సర్వీసు గడిచినందుకు వార్షిక ఇంక్రిమెంటు వేరు. పదోన్నతి లేకుండా ఒకే పోస్టులో ఉండిపోయినవారికి 6, 12, 18 ఇలా నిర్ణీత ఏళ్ల దగ్గర ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలు వేరు. పీఆర్సీ వచ్చినప్పుడు ఆ పోస్టు స్కేలునే సవరించడం వేరు. ఇవన్నీ ఉన్నా ఒక్కోసారి జూనియర్ జీతం సీనియర్‌ను దాటిపోతుంది. అప్పుడు ఇద్దరూ ఒకే కేడరులో, ఒకే స్కేలులో ఉండి, నిబంధనల అమలు వల్లనే తేడా వచ్చిందని తేలితే సీనియర్ జీతాన్ని జూనియర్ జీతానికి సమానం చేసే “స్టెప్ అప్” నిబంధన ఉంది. గమనించండి, అక్కడ కూడా సమానం చేస్తారే తప్ప జూనియర్ జీతాన్ని తగ్గించరు. మీ ప్లాంటులో ఈ ఖాతాలన్నిటికీ కలిపి ఏటా 1,000 రూపాయలు ఇస్తూ, అన్నీ ఇచ్చేశామని అనుకుంటున్నారు. ఆ 1,000లో ఎంత ధరల పెరుగుదలకు, ఎంత మీ సర్వీసుకు అని అడిగితే వారి దగ్గర సమాధానం ఉండదు. చాలా ఏళ్లు ఆ మొత్తం ధరల పెరుగుదలకే సరిపోయి ఉంటుంది, మీ సర్వీసుకు మిగిలింది సున్నా.

సర్వీసుకు వెల కట్టాలా? కట్టాలి. నా అభిప్రాయం ఇందులో దృఢంగా ఉంది. కాని అది పని వెలలో కలిసిపోకూడదు, యజమాని దయ మీద ఆధారపడకూడదు, ముందే రాసి ఉండాలి, ఒక స్థాయి దగ్గర ఆగాలి.

మీ గ్రేడింగ్ పనినే తీసుకుందాం. 40 కౌంటు (కిలోకు 40 తూగే) లాటులో 50 కౌంటు రొయ్యలు కలిశాయో లేదో రెండు గుప్పెళ్లు తీసి చూడగానే చెప్పగలిగిన మనిషి, తల తీసిన తరువాత కౌంటు ఎంతకు మారుతుందో లాటు దిగుతుండగానే అంచనా వేయగలిగిన మనిషి, పెంకు మెత్తగా ఉన్న సరుకును పెట్టె తెరిచీ తెరవకముందే పక్కకు పెట్టించగలిగిన మనిషి ప్లాంటుకు ఎంత మిగులుస్తాడో నాకు తెలుసు. కొనుగోలుదారు తరఫువారు డబ్బా కరిగించి లెక్కపెట్టినప్పుడు తేడా బయటపడితే కోతపడేది కంటెయినరు మొత్తానికి. ఈ నేర్పు పుస్తకంలో దొరకదు, ఏళ్లు పడుతుంది. ఇలాంటి చోట సర్వీసు అంటే నేర్పే కాబట్టి దానికి డబ్బు ఇవ్వడం సంస్థకే లాభం. అదే ప్లాంటు గేటు దగ్గర రిజిస్టరు రాసే ఉద్యోగంలో ఐదో ఏడాదికీ పదిహేనో ఏడాదికీ పని తీరులో పెద్ద తేడా ఉండదు. అక్కడ సర్వీసు భత్యం ఇవ్వడం నమ్మకంగా నిలిచి ఉన్నందుకు ఇచ్చే గౌరవమే అవుతుంది. అది కూడా ఇవ్వదగినదే, కాని మొదటిదానితో సమానంగా పెరుగుతూ పోనక్కరలేదు. అందుకే ఒక స్థాయి దగ్గర ఆగాలన్నాను. ఆగకపోతే ఒక దశ తరువాత పాతవారిని ఎలా వదిలించుకోవాలా అని యజమాని చూడటం మొదలుపెడతాడు. ఆ ఆలోచన మొదలైన తరువాత 50 ఏళ్లు దాటిన ఉద్యోగి పడే ఇబ్బంది జీతం తేడా కంటే చాలా పెద్దది.

చీమకుర్తిలో నేను పనిచేసిన ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ లైను మీద పాత ఆపరేటరు ఒకాయన ఉండేవారు. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ పలక మీద మెరుపు ఎక్కడ తగ్గిందో ఆయన అరచేత్తో తడిమి చెప్పేవారు. యజమాని పక్క ఫ్యాక్టరీ నుంచి ఒక ఆపరేటరును ఎక్కువ జీతానికి తెచ్చారు. నెల తిరగకముందే పాత ఆపరేటరు మానేసి, ఆ కొత్త వ్యక్తి ఖాళీ చేసి వచ్చిన ఫ్యాక్టరీలోనే, అతడు వదిలిన జీతానికే చేరారు. ఇద్దరు మనుషులు స్థానాలు మార్చుకున్నారు, రెండు ఫ్యాక్టరీలూ ఎక్కువ జీతమే ఇచ్చాయి, ఇద్దరికీ సర్వీసు మొదటికి వచ్చింది. ఆ తరువాత ఆ ఫ్యాక్టరీలో జీతాన్ని మూడు భాగాలుగా రాయించాం: మొదటిది పనికి మూలవేతనం, దాన్ని రెండేళ్లకొకసారి చుట్టుపక్కల రేట్లతో పోల్చి అందరికీ ఒకేసారి సరిచేయాలి; రెండోది నేర్పు భత్యం, అది మరో యంత్రం నడపడం నేర్చుకున్నా, కొత్తవారికి పని నేర్పినా వస్తుంది; మూడోది సర్వీసు భత్యం, అది మూడేళ్లకొకసారి పెరిగి పదిహేనేళ్లకు ఆగుతుంది. యజమాని మొదట భయపడ్డారు, పాతవాళ్లందరికీ ఒకేసారి సరిచేస్తే భారం మోయలేనన్నారు. అందువల్ల వెనకబాటును రెండు ఏప్రిల్ నెలల్లో సగం సగం పూడ్చాం. జీతాల మీద గొడవలు పూర్తిగా ఆగాయని చెప్పను. గొడవ పడటానికి కాగితం మీద ఒక ఆధారం ఏర్పడింది, అది ఇరువర్గాలకూ మేలు చేసింది.

ఇక “ఇంటి మనిషివి” అన్న మాట గురించి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన జిల్లాల్లో రైసు మిల్లుల్లో, స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేలు కొట్లలో, ఒంగోలు పొగాకు గోదాముల్లో పాత గుమాస్తాలకు జీతం తక్కువగానే ఉంటుంది. కాని పిల్లల కాలేజీ ఫీజు కడతారు, ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటారు, కూతురి పెళ్లికి లక్ష చేతిలో పెడతారు, అడ్వాన్సు ఇచ్చి తిరిగి అడగరు. ఇలా ఆదుకున్న యజమానులను నేను చూశాను, వారి మంచితనాన్ని నేను శంకించను. కాని ఆ డబ్బు జీతం కాదు. దాని మీద పీఎఫ్ జమ కాదు, ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే గ్రాట్యుటీ లెక్కలోకి రాదు, బ్యాంకు రుణం అడిగినప్పుడు పేస్లిప్పులో కనిపించదు, రేపు యాజమాన్యం కొడుకుల చేతికి మారితే గుర్తుండదు. పైగా అడగగలిగినవాడికి అందుతుంది, అడగలేనివాడికి అందదు. మొహమాటపడే మనిషి అదే కొట్టులో పాతికేళ్లు పనిచేసి ఏమీ అడగకుండానే విరమించుకుంటాడు. మీకు అందిన సాయానికి కృతజ్ఞత చెప్పండి, కాని దాన్ని జీతం బాకీకి చెల్లుబెట్టడానికి ఒప్పుకోవద్దు.

ఈ 4,000 తేడా నెల జీతంతో ఆగిపోదని కూడా తెలుసుకోండి. గ్రాట్యుటీని మీ చివరి మూలవేతనం, డీఏ కలిపిన మొత్తం మీద, పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా తీసుకుని కడతారు. మీ 22,000 మొత్తం ఆ లెక్కలోకి వస్తుందనుకుంటే 16 ఏళ్లకు సుమారు 2,03,077 రూపాయలు. అదే 26,000 అయితే 2,40,000. కాబట్టి ఇవాళ జీతం సరిచేస్తే గడిచిన 16 ఏళ్ల సర్వీసు విలువ కూడా దానితోపాటే సరవుతుంది. చాలా సంస్థలు జీతాన్ని మూలవేతనం కొంత, అలవెన్సులు ఎక్కువ అన్నట్లుగా విడగొట్టి ఈ బాధ్యతను తగ్గించుకునేవి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. మీ పేస్లిప్పులో మూలవేతనం ఎంత రాశారో ఈ రోజే చూసుకోండి.

పీఎఫ్ పెన్షనులోనూ సర్వీసుదే కీలక పాత్ర. పెన్షను లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 15,000 పరిమితి మీద 16 ఏళ్లకు నెలకు సుమారు 3,428 వస్తుంది. మన దగ్గర చాలాచోట్ల మనిషి చేరిన మూడు నాలుగేళ్ల తరువాత గానీ పీఎఫ్‌లో పేరు ఎక్కించరు. మీ విషయంలో మొదటి 4 ఏళ్లు ఎక్కించలేదనుకోండి, అదే లెక్క 2,571కి పడిపోతుంది, అదీ జీవితాంతం. మీ పీఎఫ్ ఖాతా వివరాలుండే యూఏఎన్ పాస్‌బుక్‌లో మీరు చేరిన తేదీ ఏముందో చూడండి. సర్వీసుకు న్యాయం అన్నది అక్కడ మొదలవుతుంది.

చట్టం సంగతి. సమాన పనికి సమాన వేతనం అన్న సూత్రం రాజ్యాంగం 39(డి) అధికరణంలో ఉంది. సుప్రీంకోర్టు 2016లో పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకు కూడా దాన్ని వర్తింపజేసింది. కాని అది ప్రభుత్వం యజమానిగా ఉన్న కేసు. ప్రైవేటు సంస్థలో స్త్రీ, పురుషుల మధ్య ఒకే పనికి తేడా చూపితే చట్టం నేరుగా అడ్డుపడుతుంది. ఇద్దరు పురుషుల మధ్య లేదా ఇద్దరు స్త్రీల మధ్య సీనియారిటీ తేడాకు అలాంటి నేరు రక్షణ లేదు. మరో చిక్కు కూడా ఉంది. మీ హోదా సూపర్‌వైజరు, జీతం 22,000. పారిశ్రామిక వివాదాల విషయంలో సూపర్‌వైజరీ పని చేస్తూ నిర్ణీత జీతం దాటినవారు కార్మికుడి నిర్వచనంలోకి రారు; పాత చట్టంలో ఆ పరిమితి 10,000, కొత్త కోడ్‌లో 18,000. మీరు ప్రధానంగా చేత్తో గ్రేడింగు చేస్తూ పేరుకు మాత్రమే సూపర్‌వైజరు అయితే వాదించవచ్చు, ఎందుకంటే న్యాయస్థానాలు హోదా పేరును కాక ప్రధానంగా చేసే పనిని చూస్తాయి. గ్రాట్యుటీకి మాత్రం ఈ పట్టింపు లేదు, మేనేజరుకైనా వర్తిస్తుంది. మొత్తం మీద ఈ జీతం తేడా కోసం లేబరు ఆఫీసుకు వెళ్లమని నేను సలహా ఇవ్వను. ఇది మాట్లాడి సాధించుకోవలసిన విషయం.

మీ ప్లాంటులోనే మీకంటే బలహీనమైన స్థితిలో ఉన్నవారి గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. రొయ్యల పెంకు ఒలిచే పీలింగ్ బల్లల దగ్గర కిలోల లెక్కన పనిచేసే ఆడవాళ్లకు సర్వీసు అన్నది జీతంలో ఎక్కడా కనిపించదు. నిన్న చేరిన అమ్మాయికీ, పదిహేనేళ్లుగా మంచునీళ్లలో చేతులు పెట్టిన మనిషికీ కిలోకు ఒకటే రేటు. వయసు మీద పడి, వేళ్లు బిగుసుకుపోయి, చేయి నెమ్మదించాక పాత మనిషి సంపాదన తగ్గుతుంది కూడా. అంటే సర్వీసు పెరిగేకొద్దీ జీతం తగ్గే ఏర్పాటు అది. ఇంతకంటే అన్యాయమైన పద్ధతి నాకు తెలియదు. కిలో రేటును అలాగే ఉంచి, హాజరైన ప్రతి రోజుకూ సర్వీసును బట్టి కొంత భత్యం కలిపితే ఇది చాలావరకు సరవుతుంది. వారికీ గ్రాట్యుటీ ఉంది. చివరి మూడు నెలల సంపాదన సగటు మీద, ఓవర్‌టైము మినహాయించి కడతారు. టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు గ్రేడింగుకు సీజనులో మాత్రమే వెళ్లేవారికి కూడా సీజనుకు 7 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ లెక్క ఉంది. ఈ సంగతి తెలియక ఎందరో వదులుకున్నారు. సూపర్‌వైజరుగా మీ మాటకు విలువ ఉంది కాబట్టి మీ జీతం గురించి మాట్లాడే రోజున వీరి ప్రస్తావన కూడా తేవాలని నా కోరిక.

ఇప్పుడు ఎలా అడగాలో చెబుతాను. ఏప్రిల్ జీతాలు ఖరారయ్యే ముందు, ఫిబ్రవరిలోనే, రాతపూర్వకంగా ఒక పేజీకి మించకుండా ఇవ్వండి. ఆ రెండో సూపర్‌వైజరు పేరు రాయవద్దు, అతడి జీతం అంకె కూడా రాయవద్దు. అతడు మీకు శత్రువు కాదు, పైగా అతడి జీతం మీకెలా తెలిసిందన్న విచారణ వైపు మాట మళ్లిపోతుంది. “గ్రేడింగ్ సూపర్‌వైజరు పనికి మన ప్లాంటులో ప్రస్తుతం చేరేవారికి ఇస్తున్న మూలవేతనాన్ని నాకు వర్తింపజేయవలసిందిగా, నా 16 ఏళ్ల సర్వీసుకు ప్రత్యేక భత్యం నిర్ణయించవలసిందిగా కోరుతున్నాను” అన్న ఒక్క వాక్యం చాలు. దాని కింద మీరు పని నేర్పిన వారి సంఖ్య, మీరు బాధ్యత వహించిన లాట్లలో కొనుగోలుదారు నుంచి వచ్చిన ఫిర్యాదుల వివరాలు, అదనంగా చూస్తున్న పనులు రాయండి. హెచ్‌ఏసీసీపీ (ఆహార భద్రత నియంత్రణ) రికార్డులు మీరే రాస్తుంటే అది తప్పక రాయండి. ఆ కొత్త వ్యక్తికి డిప్లొమా ఉండి, ఎగుమతి పత్రాల పని కూడా అతడే చూస్తుంటే మీ ఇద్దరి పని ఒకటి కాదు. అప్పుడు 4,000లో కొంత తేడా న్యాయమైనదే అవుతుంది. ఉత్తరం రాసే ముందే ఈ విషయాన్ని నిజాయితీగా తేల్చుకోండి.

ఒకేసారి ఇవ్వలేమంటే రెండు విడతలకు ఒప్పుకోండి, తేదీలు రాయించుకోండి. పెంపును అలవెన్సుగా కాక మూలవేతనంలో కలపమని అడగండి.

చివరిగా, జాగ్రత్తపడవలసిన విషయం ఒకటి. అన్నదమ్ముల వాటాలు పంచుకున్నప్పుడో, కంపెనీ పేరు మార్చినప్పుడో, “కొత్త కంపెనీలో 26,000కు వేస్తాం, పాతదానికి రాజీనామా రాసి ఇవ్వు” అని అడగడం మన ప్రాంతంలో తరచుగా జరుగుతుంది. యాజమాన్యం చేతులు మారినంత మాత్రాన సర్వీసు తెగిపోదు, మీ చేతి రాజీనామా మాత్రం దాన్ని తెంచుతుంది. అలాంటి కాగితం ముందు పెడితే, పాత సర్వీసు అదే తేదీ నుంచి కొనసాగుతుందని కొత్త నియామక పత్రంలో రాసి ఇచ్చేవరకు, లేదా 16 ఏళ్ల గ్రాట్యుటీ మొత్తం మీ ఖాతాలో పడేవరకు సంతకం చేయవద్దు.